ఎదురింటి నుంచి ఉద్యానవనమునకు చేరుకొను మార్గములు

మా ఇంటికీ బొటానికల్ గార్డెన్‌కీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. మా వంటింట్లో తాలింపు వేస్తే గార్డెన్ గేటు దగ్గర టిక్కెట్లిచ్చే సింహాచలం తుమ్ముతాడు. అటు పొగడపూలు రాలితే ఇటు మా వాకిట్లోకి వాసన వస్తుంది. అంత దగ్గర. ఈ ఇంట్లో దిగిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే లేచి, చెప్పులేసుకుని, రోడ్డు దాటి, ఓ చుట్టు తిరిగి వచ్చి కాఫీ తాగడం నా అలవాటు.

నాకు బండి లేదు. కొనలేక కాదు, నడపడం రాకా కాదు. ఎవడన్నా వెనకనుంచి హారను కొడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలాంటిది నేనే ఓ హారను కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవడమేమిటి? అందుకని కొనలేదు.

మా అత్తగారు మాణిక్యాంబగారు మా దగ్గరే ఉంటారు. పాతకాలం మనిషి. ఆవిడకి కొన్ని నియమాలున్నాయి. కాలికి చెప్పు తొడగరు. ఎండాకాలంలో తారురోడ్డు మీద కూడా వట్టి కాళ్ళతోనే నడుస్తారు, తారే పక్కకి తప్పుకుంటుంది. అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి కూతురికి చెబుతారు. కూతురు, అంటే మా ఆవిడ విశాలాక్షి, ఊళ్ళో లేకపోయినా సరే, "విశాలాక్షీ, కాఫీ చల్లారిపోతోందని అల్లుడుగారితో చెప్పవే" అని తలుపుకే చెబుతారు. నేను వెళ్ళి తాగుతాను. ఇన్నేళ్ళలో మా మధ్య ఒక్క మాట తేడా రాలేదంటే ఆ తలుపు చలవే.

మరో నియమం కార్తీకంలో ఉసిరిచెట్టు కింద భోజనం. ఆ చెట్టు గార్డెన్‌లో గేటుకి కాస్త పక్కగా ఉంది. మా బాల్కనీలోంచి కాయలు కూడా కనిపిస్తాయి. ఏటా కార్తీకంలో ఓ ఆదివారం కంద బచ్చలికూర, పులిహోర, గుమ్మడికాయ పులుసు, బూరెలు కారియర్లలో సర్దుకుని, రోడ్డు దాటి, చెట్టుకి పసుపు కుంకుమ పెట్టి, ఆకులు వేసుకుని తిని రావడం మామూలు. ఈ ఏడాది కార్తీకం రానే వచ్చింది. దానితోపాటు గేటుకి ఓ బోర్డు కూడా వచ్చింది.

"ఉద్యానవనమునకు విచ్చేయు సందర్శకులకు గమనిక. పార్కింగు చీటీ చూపనిదే ప్రవేశ టిక్కెట్టు ఇవ్వబడదు."

"ఇదేమిటి సింహాచలం?" అన్నాను.

"నాకేటి తెలుసు బాబూ. బండెట్టినోళ్ళకే టిక్కెట్టియ్యమన్నారు."

"నాకు బండి లేదని నీకు తెలుసు కదా!"

"నాకు తెలుసు బాబూ, బోర్డుకి తెలీదు గదా" అన్నాడు సింహాచలం, చాలా బాధగా.

నేను తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆఫీసు గార్డెన్ బయట ఉండబట్టి వెళ్ళగలిగాను. డైరెక్టరు డాక్టర్ పరాంకుశంగారు కొత్తగా వచ్చారు. ఆయన డాక్టరేటు చేసింది మొక్కల మీద కాదు, రద్దీ మీద. మొక్కలు ఒకదాన్నొకటి తోసుకోవు గనక వాటి మీద ఆయనకి పెద్ద గౌరవం లేదు.

"రండి, కూర్చోండి. తమరు ఏ వాహనంలో వచ్చారు?" అన్నారు.

"నడిచొచ్చానండి. ఎదురిల్లే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "చూడండి, మా సర్వేలో తేలిన విషయమేమనగా, నడిచి వచ్చువారందరూ తమ వాహనమును ఎక్కడో రోడ్డు మీద అక్రమముగా నిలిపి వచ్చినవారే. దానివల్లనే ఈ రోడ్డు మీద రద్దీ. అందుచేత చీటీ విధానం ప్రవేశపెట్టడమైనది."

"నాకు అసలు బండే లేదు మహాప్రభో!"

"అనగా తమరు వాహనమును పూర్తిగా దాచివేసిన వర్గంలోకి వస్తారు" అన్నారాయన జాలిగా. "అయినను తమకు మార్గములు లేకపోలేదు. బస్సులో రావచ్చును."

"బస్సు స్టాపు మీ గేటు ముందే ఉండేది. పోయినవారం పీకేశారు."

"పార్కింగుకి అడ్డుగా ఉండెను. సైకిలు మీద రావచ్చును. సైకిలు స్టాండు సిద్ధముగా నున్నది."

"ఎక్కడ?"

"ఉద్యానవనం లోపల."

"లోపలికి వెళ్ళాలంటే?"

"టిక్కెట్టు తీసుకొనవలెను" అని, ఇంత తేలిక విషయం తెలియనివాడికి ఓటుహక్కు ఎవరిచ్చారా అన్నట్టు నా వంక చూశారు.

ఇంటికొచ్చి చెప్పాను. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. తర్వాత వినిపించింది. "విశాలాక్షీ, అల్లుడుగారితో చెప్పవే. ఈ కార్తీకంలో ఉసిరి కింద ఆకు వేసిందాకా నేను అన్నం ముట్టను. పాలూ పళ్ళూ చాలు నాకు."

విశాలాక్షి నావైపు తిరిగి, "విన్నారుగా. మా అమ్మకేమన్నా అయిందంటే ఆ తలుపు నాకు సాక్ష్యం" అంది.

ఇంక తప్పుతుందా? ఆదివారం ఆటో పిలిచాను. ముందే కనుక్కున్నాను, ఆటో మనల్ని దింపి వెళ్ళిపోతే కుదరదు, పార్కింగులో ఆగి ఉండాలిట. వెళ్ళిపోయినదానికి చీటీ ఎలా ఇస్తారని అడిగారు. న్యాయమే.

"ఎక్కడికి మాస్టారూ?" అన్నాడు ఆటోవాడు.

"ఎదురుగా, ఆ గేటుకి."

వాడు గేటుని చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో కారియర్లు చూశాడు. "నడిసెళ్ళిపోండి" అన్నాడు, పొద్దున్నే పిచ్చివాళ్ళతో బేరమెందుకని.

"నడిస్తే రానివ్వరయ్యా!"

వాడికి అర్థమయ్యేసరికి కాఫీ ఇవ్వాల్సివచ్చింది. బయల్దేరాం. మధ్యలో డివైడరు ఉంది కదా, ఫ్లైఓవరు దాకా పోయి తిరిగి రావాలి. వచ్చాం. గేటు దగ్గర చేతిలో ఎర్రజెండాతో ఒకాయన, "ఇక్కడ నిండిపోయింది, రెండో దశ పార్కింగుకి వెళ్ళండి" అన్నాడు. రెండో దశ ఎక్కడంటే, బైపాసు అవతల, రొయ్యల చెరువుల పక్కన. ఊరు దాటి, రైలుగేటు దగ్గర గూడ్సుబండి పోయిందాకా ఆగి, చెరువుల గట్టు మీద ఆటో పెట్టి చీటీ పుచ్చుకున్నాం. పులిహోర వాసన రొయ్యల వాసనలో కలిసిపోయింది. మా అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆటో వెనక రేకుతో అన్నారు. "విశాలాక్షీ, ఇందులో ఉసిరిచెట్టెక్కడుందో అడగవే."

అక్కణ్ణించి గార్డెన్‌కి ఉచిత బస్సు ఉంది. దాని పేరు హరిత వాహిని. అది అన్ని చెరువుల దగ్గరా ఆగి, అందర్నీ ఎక్కించుకుని, ఊళ్ళోకొచ్చి, "గార్డెన్, గార్డెన్! దిగండి" అని మమ్మల్ని దింపింది. మా అత్తగారు కాలు కింద పెట్టి, నేలవైపు చూసి ఆగిపోయారు.

"విశాలాక్షీ, ఇది మన ముగ్గులాగే ఉందే" అన్నారు.

మన ముగ్గే. హరిత వాహిని ఆగుచోటు మా గుమ్మం ముందు పెట్టారు. గేటు ముందయితే పార్కింగుకి అడ్డమట.

ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా చీటీ చేతిలో ఉంది కదా అని రోడ్డు దాటి పరుగెత్తాను. సింహాచలం తాళం వేస్తున్నాడు.

"వేళైపోయింది బాబూ. బండ్లోళ్ళు ఆ రొయ్యిల సెరువుల కాడికి తిరిగెళ్ళాలని పెందరాళే మూసీమన్నారు."

"ఇదిగో చీటీ!"

"సీటీ బాగుంది బాబూ" అన్నాడు సింహాచలం మెచ్చుకోలుగా.

అంతలో ఆటోవాడు ఫోను. చీటీ మా దగ్గర ఉండిపోయింది, అది చూపిస్తే గానీ ఆటో వదలరట. మళ్ళీ హరిత వాహిని ఎక్కి, మళ్ళీ చెరువుల గట్టుకి వెళ్ళి, చీటీ ఇచ్చి ఆటో విడిపించుకుని ఇంటికొచ్చాం. బూరెలు నేనూ ఆటోవాడూ తిన్నాం. మా అత్తగారు గ్లాసుడు పాలు తాగి, బాల్కనీలో కూర్చుని చెట్టు వంక చూశారు. ఆ చూపు తట్టుకోలేక నేను లోపలికి వెళ్ళిపోయాను.

మా వీధిలో పొద్దున్నే నడిచే వాళ్ళందరికీ ఇదే అవస్థ. మనవాళ్ళ బుర్రలు ఊరుకుంటాయా? పాత ఇనుము కొట్లకి వెళ్ళి ఇంజను లేని స్కూటర్లు కొన్నారు. తెల్లారగట్ల లేచి, వాటిని చేత్తో తోసుకుంటూ రోడ్డు దాటి, అవి పార్కు చేసి, చీటీ పుచ్చుకుని లోపల నడక ముగించుకుని, మళ్ళీ తోసుకుంటూ ఇళ్ళకి రావడం. నడకా అయింది, బరువులెత్తినట్టూ అయింది. సిగ్గు విడిచి నేనూ ఒకటి కొన్నాను. దానికి ఇంజనూ సీటూ లేవు, హారను మాత్రం భేషుగ్గా ఉంది.

కానీ నేను తోసుకెళ్ళేసరికి ఊరంతా స్కూటర్లే. క్యూ మా ఇంటి ముందునుంచే మొదలయింది. రోజూ నా వంతు వచ్చేలోపలే గేటు మూసేవాళ్ళు. పరాంకుశంగారు పత్రికలవాళ్ళని పిలిచి, "మా విధానం వలన ఉద్యానవనమునకు వచ్చు వాహనముల సంఖ్య అనూహ్యముగా పెరిగినది. ప్రజలలో వృక్షాసక్తి ఇంతగా ఉండునని మేము సైతం ఊహించలేదు. ఈ ఆసక్తికి తగినట్టు పార్కింగును లోపలికి విస్తరించుచున్నాము" అన్నారు.

విస్తరించారు. మొదట గులాబీల తోట పోయింది. తర్వాత తామర కొలను పూడ్చారు. ఆ తర్వాత వెదురు, పొగడ, పారిజాతం. చెట్ల పేర్లు రాసిన రేకులు మాత్రం పీకలేదు, సర్కారు సొత్తు పీకకూడదట. అందువల్ల ఓ ఎర్ర స్కూటరు ముందు "ఇది సర్పగంధి, పాముకాటుకి వాడుదురు" అని ఉండేది. సందర్శకులు చీటీ తీసుకుని లోపలికి వెళ్ళి, ఒకరి స్కూటర్లు ఒకరు చూసుకుని, పిల్లలకి చూపించి వచ్చేవాళ్ళు. పరాంకుశంగారు ఓ రిబ్బను కత్తిరించి, "ఇక ఎవ్వరును స్థలం లేక వెనుదిరుగనక్కరలేదు" అని ప్రకటించారు. చప్పట్లు కూడా కొట్టారండీ, నేను విన్నాను.

కార్తీకం ఆఖరి ఆదివారం నాటికి అంత ఆవరణలోనూ మిగిలిన చెట్టు ఒక్కటే, ఉసిరి. అది సరిగ్గా ఓ పార్కింగు గడి మధ్యలో పడింది. చుట్టూ తెల్లగీతలు గీసేశారు. ఇన్నాళ్ళూ పాలతో గడిపి మా అత్తగారు సగమయ్యారు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అయినా ఆవిడ నోరెత్తి నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ ఆదివారం పొద్దున్న బాల్కనీలోంచి పిలుపు. "విశాలాక్షీ! అల్లుడుగారిని పిలవ్వే! చెట్టుకేదో బిగించారే!"

పరుగెత్తుకెళ్ళి చూశాను. ఉసిరి మొదట్లో, కార్ల చక్రాలకి వేస్తారే, ఆ పసుపురంగు ఇనపతాళం బిగించి ఉంది. పక్కన ట్రాఫిక్ క్రేను. మానుకి ఓ నోటీసు అంటించారు. నేనూ విశాలాక్షీ చెప్పులేసుకునే లోపలే మా అత్తగారు మెట్లు దిగి, వట్టి కాళ్ళతో, హారన్లు మోగుతున్నా ఖాతరు చెయ్యకుండా రోడ్డు దాటేశారు. ఆవిడ వచ్చిన ఊపుకి సింహాచలం చీటీ అడగడం మర్చిపోయాడు.

పరాంకుశంగారు స్వయంగా అక్కడే ఉన్నారు. నోటీసు నేను పైకి చదివాను. "పార్కింగు గడిలో చీటీ లేక నిలిచియున్న సదరు ఉసిరిని క్రేను ద్వారా తొలగించి, రెండవ దశ పార్కింగునకు తరలించడమగును."

"ఏమిటండీ ఈ అన్యాయం!" అని అరిచాను. "చెట్టుని కారులా లాక్కుపోతారా? బుద్ధుందా మీకు?"

"విధానము అందరికీ సమానము" అన్నారాయన. "కారును ఒక విధముగా, చెట్టును ఒక విధముగా చూచిన పక్షపాతమగును. నిలుచున్నది, చీటీ లేదు. అంతే."

మా అత్తగారికి అక్కడ తలుపు లేదు. చుట్టూ చూసుకున్నారు. చివరికి ఉసిరిమాను చాటుకి వెళ్ళి నిలబడ్డారు.

"విశాలాక్షీ, చీటీ ఉంటే లాక్కుపోరా అని అడగవే ఆయన్ని."

"చీటీ ఉన్నదానిని ముట్టుటకు ఎవ్వరికినీ అధికారము లేదు" అన్నారు పరాంకుశంగారు ఛాతీ విరుచుకుని. "యజమాని వచ్చి తీసుకుపోవువరకు దానికి పూర్తి రక్షణ కల్పించు బాధ్యత మాది. అందులో రాజీ లేదు."

"అయితే చెట్టుకో చీటీ ఇమ్మని చెప్పవే" అంది ఉసిరిమాను.

క్రేనువాడు ఇంజను ఆపేశాడు. పరాంకుశంగారు కళ్ళజోడు తీసి మాను వంక చూశారు. "చెట్టు... చెట్టునకు పార్కింగా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏమండీ, చీటీ లేకుండా నిలబడిందని నోటీసిచ్చింది మీరు. చీటీ ఉండాల్సినదే అని మీరే ఒప్పుకున్నారు కదా. ఇప్పుడు తీసుకుంటామంటే ఇవ్వనంటారా? అది పక్షపాతం కాదూ?"

ఆ మాట ఆయనకి తగలాల్సిన చోట తగిలింది. రద్దీ మీద డాక్టరేటు చేసిన మనిషి, పక్షపాతమనే నింద ఎలా మోస్తాడు? "సింహాచలం, విధానప్రకారం కానిమ్ము" అన్నారు.

సింహాచలం చీటీల పుస్తకం తీశాడు. "బండి రకం ఏటి రాయమంటారు బాబూ?"

"ఉసిరి."

"నంబరు?"

మాను మీద ఎప్పుడో గార్డెన్‌వాళ్ళు కొట్టిన రేకు ఉంది, దాని మీద నంబరూ ఉంది. రాసుకున్నాడు.

"సక్రాలు ఎన్నండీ?"

పరాంకుశంగారు జోక్యం చేసుకున్నారు. "నీ స్కూటరు పుస్తకంలో ఇంజను లేనివి ఎన్ని రాసితివి? వాటికి ఇంజను లేదు, దీనికి చక్రం లేదు. రాయుము."

"యజమాని?"

మాను చాటునుంచి వినిపించింది. "విశాలాక్షీ, అల్లుడుగారి పేరు చెప్పవే."

అలా నా పేరు మీద జీవితంలో మొదటిసారి ఓ బండి నమోదయింది. తాళం విప్పారు. చీటీ చూపించగానే సింహాచలం మా ముగ్గురికీ ప్రవేశ టిక్కెట్లు కూడా చింపి ఇచ్చాడు. "లోపలికెళ్ళి గార్డెన్ సూసుకోండమ్మా" అన్నాడు.

"లోపలంటే ఎక్కడ?" అంది విశాలాక్షి.

సింహాచలం అటూ ఇటూ చూసి ఉసిరి కొమ్మ చూపించాడు. "ఇదేనమ్మా."

విశాలాక్షి ఇంటికెళ్ళి ఆదరాబాదరా వండి తెచ్చింది. తెల్లగీతల మధ్య ఆకులు వేశాం. స్కూటర్లు తోసుకొచ్చిన వాళ్ళు, ఎండకి ఇంకెక్కడా నీడ లేక, ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. క్రేనువాడు వచ్చాడు. పరాంకుశంగారు దూరంగా నిలబడి తనిఖీ చేస్తున్నట్టు నటించారు గానీ, బూరెల దగ్గరికి వచ్చేసరికి ఆయన తనిఖీ చాలా దగ్గరికి వచ్చింది.

"విశాలాక్షీ, ఆయనకో ఆకు వెయ్యవే పాపం" అంది మాను.

ఆయన కంద బచ్చలి మారు వడ్డించుకున్నారు. మా అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఘాటు ఎక్కువైందని చెప్పి తుడుచుకున్నాను.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండును. మర్నాడు పొద్దున్న గేటు ముందు క్యూ చూసి నేను అదిరిపడ్డాను. ఒక్క స్కూటరు లేదు. ఊళ్ళోవాళ్ళు మొక్కలు పట్టుకొచ్చారు. చీటీ ఉంటే సర్కారే కాపలా కాస్తుందని తెలిశాక ఊరుకుంటారా? కుండీల్లో వేపలు, సంచుల్లో నేరేళ్ళు, ఒకాయన ఆటోలో పొగడ. గడికొకటి పార్కు చేసి, చీటీ తీసుకుని, నీళ్ళు పోసి పోతున్నారు. వాటి వేళ్ళు నేలలోకి దిగాయి. తిరిగి తీసుకుపోవడానికి ఏ యజమానీ రాలేదు. స్కూటర్లకి చోటు లేక అవి పాత ఇనుము కొట్లకి తిరిగి వెళ్ళిపోయాయి. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి ఆవరణంతా పచ్చగా నిండిపోయింది. పరాంకుశంగారికి పార్కింగు నూటికి నూరుపాళ్ళు నిండినందుకు బహుమానం కూడా వచ్చింది.

ఆదివారం కారియర్లు సర్దుకుని వెళ్ళాం. గేటుకి కొత్త బోర్డు.

"పార్కింగు పూర్తిగా నిండినందున, సందర్శకులు ఇకపై నడిచి మాత్రమే రావలెను."

ఆనందంతో సింహాచలం వైపు తిరిగి టిక్కెట్లకి చెయ్యి చాపాను. వాడు తల గోక్కున్నాడు.

"నడిసే వొచ్చేరని రుజువుండాల బాబూ. కింద లైను సదవండి."

చదివాను. "నడిచి వచ్చినట్లు నిర్ధారణకై, చెప్పుల స్టాండు చీటీ చూపనిదే ప్రవేశ టిక్కెట్టు ఇవ్వబడదు."

పక్కన కొత్త చెప్పుల స్టాండు. నా చెప్పులకో చీటీ వస్తుంది, విశాలాక్షి చెప్పులకో చీటీ వస్తుంది. ఇద్దరం నెమ్మదిగా మా అత్తగారి పాదాల వైపు చూశాం. పసుపు రాసుకున్న, ఏనాడూ చెప్పెరగని పాదాలు. కారియర్లో బూరెలు చల్లారుతున్నాయి. దాపుల్లో ఒక్క తలుపు లేదు, ఉసిరిమాను గేటుకి అవతల ఉండిపోయింది.

మా అత్తగారు నెత్తి మీద కొంగు సర్దుకుని, నా మొహంలోకి తిన్నగా చూశారు.

"అల్లుడుగారూ," అన్నారు, "మీ చెప్పొకటి ఇటివ్వండి."